తోటపని చేతి తొడుగులు

తోటపని చేతి తొడుగులు అనగా తోటలలోను, పొలాలలోను పనిచేసేటప్పుడు ముళ్ళు, కోతలు, రాపిడి, చెట్ల పాలు, సస్యరక్షణ మందులు మొదలైన వాటి నుండి చేతులను కాపాడుకొనుటకు ధరించే తొడుగులు. వాడుకలో వీటిని గ్లౌజులు అంటారు. నూలు, తోలు, రబ్బరు, నైట్రైల్ వంటి పలు పదార్థాలతో ఇవి తయారవుతాయి. అన్ని పనులకు సరిపోయే తొడుగు ఏదీ లేదు. ముల్లును ఆపే తోలు తొడుగు పురుగుమందును పీల్చుకుంటుంది. మందును ఆపే పలుచని రబ్బరు తొడుగు ముల్లుకు చిరిగిపోతుంది. కనుక ముందుగా చేయబోయే పనిని, అందులోని ప్రమాదాన్ని గుర్తించి, ఆ తరువాత తొడుగును ఎంచుకొనవలెను. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో చీని, అరటి, పప్పుశనగ, పత్తి, పసుపు వంటి భిన్నమైన పంటలు ఉండుట వలన ఈ ఎంపిక మరింత ముఖ్యమైనది.

చరిత్ర

తోటపనిలో చేతి తొడుగుల ప్రస్తావన చాలా ప్రాచీనమైనది. గ్రీకు కవి హోమర్ రచించినదిగా చెప్పబడే ఒడిస్సీ కావ్యం 24వ భాగంలో, కథానాయకుని తండ్రి లేయర్టీస్ ముళ్ళపొదల కారణంగా చేతులకు తొడుగులు ధరించి తోటలో పాదులు చేస్తూ కనిపిస్తాడు.

రబ్బరు తొడుగులు వైద్యరంగంలో ప్రవేశించిన తీరు కూడా గమనించదగినది. 1889-90 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణాల వలన పుండ్లు పడగా, శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ ఆమె కొరకు గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పలుచని తొడుగులు చేయించాడు. అనగా అక్కడ ఆ తొడుగులు తొలుత రోగి రక్షణ కొరకు గాక, పనిచేసేవారి చేతుల రక్షణ కొరకు వచ్చినవి.

రాయలసీమ పల్లెలలో కంప కొట్టేటప్పుడు, కంచె వేసేటప్పుడు చేతికి గోనెపట్ట లేదా పాతగుడ్డ చుట్టుకొనుట, ముళ్ళకంపను పంగలకర్రతో నెట్టుట వాడుకలో ఉన్న పద్ధతులు. పంగలకర్ర ముల్లుకు, చేతికి మధ్య దూరం పెంచుతుంది కనుక నేటికీ మంచి ఉపాయమే. గోనెపట్ట మాత్రం రాపిడిని తగ్గించగలదు గాని సన్నని ముల్లును, ద్రవాలను ఆపలేదు.

కడప జిల్లాలో పంటలు - చేతులకు కలిగే హాని

పులివెందుల ప్రాంతం: ఇక్కడ చీని, అరటి తోటలు ప్రసిద్ధమైనవి. కోస్తా, తెలంగాణ ప్రాంతాలలో బత్తాయి అనబడే పండునే రాయలసీమలో చీని అంటారు. చీని అంట్లను సాధారణంగా రంగపూర్ నిమ్మ వేరుమూలంపై కడతారు. అంటు కింద నుండి పుట్టే చిగుర్లకు, నిటారుగా పెరిగే నీటి కొమ్మలకు ముళ్ళు ఎక్కువ. వీటిని కత్తిరించేటప్పుడు అరచేతికి, మణికట్టుకు, ముంజేతికి గాయాలవుతాయి. కత్తిరించిన చోట, బంక తెగులు సోకిన మొదళ్ళకు పూసే బోర్డో పేస్టులో మైలుతుత్తం, సున్నం ఉంటాయి. ఈ రెండూ చర్మాన్ని మండిస్తాయి. అరటిలో పిలకలు కోయునప్పుడు, గెలలు దించునప్పుడు కారే జిగురు బట్టలపై చెరగని మరకలు చేయుటయే గాక, చేతికి అంటి కత్తి పిడిపై పట్టు తప్పేలా చేస్తుంది.

జమ్మలమడుగు ప్రాంతం: ఇక్కడి నల్లరేగడి నేలలలో రబీ కాలంలో పప్పుశనగ విస్తారంగా సాగవుతుంది. శనగ మొక్కపై ఉండే సన్నని నూగు నుండి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు కలిగిన పులుసు స్రవిస్తుంది. పంట పీకే కూలీల వేళ్ళు పగిలి మండుటకు ఇది ఒక కారణం. రాపిడి వలన ఏర్పడిన పగుళ్ళలోకి ఈ ఆమ్లం దిగినప్పుడు బాధ అధికమవుతుంది. యంత్రంతో కోయుటకు అనువుగా ఎత్తుగా పెరిగే శనగ రకాలు వచ్చినప్పటికీ, చేతితో పీకే పని పూర్తిగా పోలేదు.

ప్రొద్దుటూరు ప్రాంతం: పెన్నా పరీవాహకంలోని ఈ ప్రాంతానికి కర్నూలు-కడప కాలువ నీరు అందుతుంది. వరి, పత్తి, పసుపు ఇక్కడి పంటలలో ముఖ్యమైనవి. పగిలిన పత్తికాయ డిప్పల కొనలు ఎండి సూదులవలె ఉండి, గోళ్ళ మొదళ్ళలో గుచ్చుకుంటాయి. పట్టణంలోని ఇళ్ళ పెరళ్ళలో గులాబీ, కాగితంపూల తీగ, నిమ్మ వంటి ముళ్ళ మొక్కలు, గన్నేరు, జిల్లేడు వంటి విషపు పాలు గల మొక్కలు సామాన్యం. జిల్లేడు పాలు చేతికి అంటి, ఆ చేయి కంటికి తగిలితే కంటి నల్లగుడ్డు వాచి చూపు మసకబారవచ్చును.

మూడు ప్రాంతాలలోను: బీళ్ళలోను, కాలువ గట్లపైన పెరిగే సర్కారు తుమ్మ ముళ్ళు పొడవైనవి, గట్టివి. వయ్యారిభామ అనే కలుపు మొక్కలోని పార్థెనిన్ అను పదార్థం కొందరిలో దురద, పొక్కులతో కూడిన చర్మవ్యాధిని కలిగిస్తుంది. ఒకసారి ఈ అలర్జీ ఏర్పడితే, తరువాత కొద్దిపాటి స్పర్శ కూడా వ్యాధిని తిరగబెట్టగలదు. ముల్లు గాయాల ద్వారా ధనుర్వాతం, స్పోరోట్రైకోసిస్ అను శిలీంధ్ర వ్యాధి సంక్రమించవచ్చును. మధుమేహం గలవారు చిన్న గాయాన్ని కూడా అశ్రద్ధ చేయరాదు. తొడుగు ఉన్నను ధనుర్వాతపు టీకా అవసరము తప్పదు.

తొడుగుల రకాలు

నూలు తొడుగులు: చవకైనవి, గాలి ఆడేవి. పొడి మట్టి పని, ఎండిన ఆకులు ఊడ్చుట వంటి వాటికి చాలును. తడిస్తే నీటిని, మందును పీల్చి చర్మానికి అంటిపెట్టుకొని ఉంటాయి. అరచేతివైపు రబ్బరు చుక్కలు ఉన్న రకం పట్టునిస్తుంది గాని ద్రవాలను ఆపదు.

తోలు తొడుగులు: ముళ్ళ పనికి ఇవి శ్రేష్ఠం. మేకతోలు మెత్తగా ఉండి వేళ్ళ కదలికకు అనుకూలిస్తుంది. ఆవు లేక గేదె తోలు మందంగా ఉండి ఎక్కువ కాలం మన్నుతుంది. వెల్డింగు పనివారు వాడే మోచేతి వరకు ఉండే తోలు తొడుగులను కంప కొట్టుటకు కూడా వాడవచ్చును. అయితే మందమైన తొడుగుతో సన్నని పని సాగదు.

నైట్రైల్ పూత తొడుగులు: అల్లిన నైలాన్ లేదా పాలిస్టర్ తొడుగు అరచేతి భాగాన్ని నైట్రైల్ అను కృత్రిమ రబ్బరులో ముంచి తయారుచేస్తారు. వెనుక భాగం అల్లికగానే ఉండుటచే గాలి ఆడుతుంది. కలుపు తీయుట, మొక్కలు నాటుట, పంట పీకుట వంటి నిత్యకృత్యాలకు ఇవి అనువైనవి. ద్రవం వెనుక భాగం గుండా లోనికి దిగును కనుక మందు కలుపుటకు పనికిరావు.

నిండు నైట్రైల్ తొడుగులు: మొత్తం నైట్రైల్‌తోనే తయారై ముంజేతి సగం వరకు వచ్చే ఈ రకం అనేక సస్యరక్షణ మందులకు తగినది. అస్తరు లేనిదాన్నే ఎంచుకొనవలెను. లోపలి అస్తరుకు మందు ఒకసారి అంటితే కడిగినా పూర్తిగా పోదు.

సహజ రబ్బరు తొడుగులు: సాగే గుణం, పట్టు ఎక్కువ. నూనెలకు, కొన్ని ద్రావణులకు తట్టుకోలేవు. ఎండకు త్వరగా పెళుసుబారతాయి. కొందరికి రబ్బరులోని మాంసకృత్తుల వలన అలర్జీ కలుగుతుంది.

కోతను నిరోధించే తొడుగులు: గట్టి పాలిఎథిలీన్ పోగులతో అల్లినవి. కత్తి, కొడవలి జారినప్పుడు గాయం తీవ్రతను తగ్గిస్తాయి. అల్లికలోని సందుల గుండా ముల్లు దూరగలదు కనుక ముళ్ళ పనికి ఇవి సరిపోవు.

కొలత

అరచేతి చుట్టుకొలతను, బొటనవేలిని విడిచి, వేళ్ళ మొదళ్ళకు కొద్దిగా కింద టేపుతో కొలవవలెను. ఈ కొలత అంగుళాలలో ఎంత వచ్చునో అదే సుమారుగా తొడుగు సంఖ్య. ఐరోపా పద్ధతిలో 7వ సంఖ్యకు 178 మిల్లీమీటర్లు, 8కి 203, 9కి 229, 10కి 254 మిల్లీమీటర్ల చుట్టుకొలత ఉంటుంది. రెండు సంఖ్యల మధ్య కొలత వస్తే, రెండింటినీ తొడిగి చూసి పిడికిలి బిగించి పరీక్షించుట మేలు.

వదులు తొడుగు వేళ్ళ కొనల వద్ద మడతపడి కొడవలికి, కత్తెరకు చిక్కుతుంది. బిగుతు తొడుగు చేతిని త్వరగా అలసిపోయేలా చేసి, కుట్ల వద్ద చిరుగుతుంది. కలుపు తీయుట, పత్తి ఏరుట వంటి పనులలో స్త్రీలే అధికం. పురుషుల చేతి కొలతకు తగిన తొడుగులను వారికి ఇచ్చినచో పని మందగించి, వాటిని తీసి పక్కన పెడతారు. అట్టి సందర్భంలో తొడుగు కొన్నను రక్షణ లేనట్లే. పనివారికి తొడుగులు కొనేవారు కొలతల వారీగా కొనవలెను.

ప్రమాణాలు - గుర్తులు

భారతదేశంలో తోలు, నూలు పారిశ్రామిక తొడుగులకు ఐఎస్ 6994 ప్రమాణం ఉన్నది. విపణిలో లభించే అనేక తొడుగులపై ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 388 గుర్తు, దాని కింద అంకెలు కనిపిస్తాయి. ఈ అంకెలు వరుసగా రాపిడి, కోత, చిరుగుట, గుచ్చుకొనుట అనే నాలుగింటిని తట్టుకొనే స్థాయిని తెలుపుతాయి. కోతకు గరిష్ఠ స్థాయి 5, మిగిలిన మూడింటికి 4. అంకె పెరిగినకొద్దీ రక్షణ అధికం. 2016 సవరణ తరువాత కోతకు సంబంధించి ఆంగ్ల అక్షరం కూడా చేరినది.

నాలుగవ అంకెను చూసి ముల్లు దిగదని భావించరాదు. ఆ పరీక్షలో వాడే ఉక్కు పుల్ల ముల్లు కంటే చాలా లావైనది. నిమ్మ, గులాబీ ముళ్ళు అంతకంటే తక్కువ బలంతోనే దూరగలవు. సస్యరక్షణ మందులు వాడేవారి తొడుగులకు ఐఎస్ఓ 18889 అనే ప్రత్యేక ప్రమాణం 2019లో వెలువడినది.

సస్యరక్షణ మందులు - చట్టం

పురుగుమందులలో పలు రకాలు చర్మం ద్వారా దేహంలోకి ప్రవేశిస్తాయి. నీరు కలపని చిక్కని మందును కొలిచి, కలిపే సమయమే చేతులకు మిక్కిలి ప్రమాదకరమైనది. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద 1971లో చేసిన నియమావళి, మందులతో పనిచేసేవారికి ద్రవం దిగని పదార్థంతో చేసిన, ముంజేతి సగం వరకు వచ్చే తొడుగులను రక్షణ దుస్తులలో భాగంగా పేర్కొన్నది. మందు డబ్బాపై ఎరుపు త్రికోణం అత్యంత విషపూరితమని, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు క్రమంగా విషతీవ్రత తక్కువని సూచిస్తాయి. ఆకుపచ్చ గుర్తు ఉన్నను తొడుగు మానరాదు.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాళ్ జిల్లాలో పత్తి చేలలో మందు చల్లిన రైతులు, కూలీలు అనేకులు విషప్రభావానికి లోనై, కొందరు మరణించారు. చేతి తొడుగులతో పాటు ముసుగు, పూర్తి దుస్తులు, గాలివాటం గమనించుట ఎంత అవసరమో ఈ ఘటన తెలియజేసినది.

చీని చెట్ల వంటి ఎత్తైన వాటికి పైకి చల్లేటప్పుడు చొక్కా చేతిని తొడుగు లోపలికి దోపి, తొడుగు అంచును బయటికి మడవవలెను. అప్పుడు కారే మందు మోచేతివైపు జారదు. శనగ, వేరుశనగ వంటి పొట్టి పైర్లకు కిందికి చల్లేటప్పుడు చొక్కా చేయి తొడుగుపైకి రావలెను. పని ముగిసిన పిదప, తొడుగులు చేతికి ఉండగానే సబ్బునీటితో కడిగి, ఆ తరువాతనే తీయవలెను. మందుకు వాడిన తొడుగులను మరే పనికీ, ముఖ్యంగా కాయలు కోయుటకు వాడరాదు.

ధరించకూడని సందర్భాలు

నూర్పిడి యంత్రం, మేత కోసే యంత్రం, మోటారు బెల్టు వంటి తిరిగే భాగాల వద్ద వదులు తొడుగులు ధరించరాదు. తొడుగు కొన చిక్కితే యంత్రం చేతిని కూడా లోనికి లాగుతుంది. రాళ్ళగుట్టలు కదిపేటప్పుడు తోలు తొడుగు తేలుకాటు ప్రమాదాన్ని తగ్గించగలదు గాని, పాముకాటును ఆపునని నమ్మరాదు. కర్రతో కదిపి చూసిన తరువాతనే చేయి పెట్టవలెను.

మన్నిక - శుభ్రత

* రబ్బరు, నైట్రైల్ తొడుగులను నీడలో, తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టవలెను. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప ఎండలో రబ్బరు త్వరగా పాడవుతుంది.
* తోలు తొడుగులు తడిస్తే నీడలో మెల్లగా ఆరబెట్టి, ఆరిన తరువాత చేతితో నలిపి మెత్తబరచవలెను. వేగంగా ఎండితే తోలు బిరుసెక్కి పగులుతుంది.
* మందు పనికి ముందు తొడుగులో నీరు నింపి, మూతి బిగించి నొక్కి చూడవలెను. చెమ్మ కనిపించినచో దానిని పారవేయవలెను.
* చెమటతో తడిసిన తొడుగును గంటల తరబడి ధరించుట వలన చర్మం నాని పాడవుతుంది. రెండు జతలు మార్చి మార్చి వాడుట మంచిది.
* కొనేటప్పుడు వేళ్ళ కొనల కుట్లను, బొటనవేలికి చూపుడువేలికి మధ్య భాగాన్ని పరీక్షించవలెను. తొడుగు ముందుగా అరిగేది అక్కడే.

పనిని బట్టి ఎంపిక

* కంప కొట్టుట, కంచె వేయుట: మోచేతి వరకు వచ్చే మందపు తోలు తొడుగు.
* చీని, నిమ్మ, గులాబీ కత్తిరింపు: పొడవు మూతి గల మేకతోలు తొడుగు.
* పప్పుశనగ పీకుట, కలుపు తీయుట: సరైన కొలత గల నైట్రైల్ పూత తొడుగు.
* అరటి పిలకలు, గెలలు కోయుట: కత్తి పట్టిన చేతికి జారని పూత తొడుగు, రెండవ చేతికి కోతను నిరోధించే తొడుగు.
* మిరప కాయలు కోయుట: నైట్రైల్ తొడుగు. నూలు తొడుగు ఘాటును పీల్చి చర్మానికి అందిస్తుంది.
* బోర్డో మిశ్రమం, పురుగుమందులు: అస్తరు లేని నిండు నైట్రైల్ తొడుగు.

ఒకే జత కొనగలవారు తమ పనులలో చేతికి అధిక హాని చేసే దానికి తగిన జతను ముందుగా కొనవలెను. మందు చల్లేవారికి అది అస్తరు లేని నైట్రైల్ జతయే. ముల్లు గాయం కంటికి కనిపించి జాగ్రత్తను నేర్పుతుంది. చర్మం గుండా లోనికి దిగే విషం మాత్రం తలతిప్పుట, వాంతులు వంటి లక్షణాలు బయటపడేవరకు తెలియదు. ఆ లక్షణాలు కనిపించిన వెంటనే పని ఆపి, తడిసిన బట్టలు తీసి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్ళవలెను.