గురికి ధర ఎంత? ఎన్‌ఫీల్డ్, విట్‌వర్త్ రైఫిళ్ల నుంచి సుదూర లక్ష్యసాధన చరిత్ర

వ్యాససంగ్రహం:
సుదూర లక్ష్యాన్ని గురిచూసి కొట్టే పోటీల చరిత్రను సాధారణంగా ఆయుధ నిర్మాణ చరిత్రగానే రాస్తుంటారు. ఏ తుపాకీ ఎంత దూరం కొట్టగలిగిందన్నది అందులో ప్రధానాంశం అవుతుంది. ఆ తుపాకీ ఎవరికి అందుబాటులో ఉండేదన్న ప్రశ్న మరుగున పడుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌ను ప్రధాన ఆధారంగా తీసుకొని, ‘అందుబాటు ధర’ అన్నది బజారు నిర్ణయించిన అంకె కాదని, కర్మాగారం, పోటీ నిబంధన, ప్రభుత్వ విధానం కలిసి రూపొందించిన స్థితి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అదే తుపాకీ భారతదేశంలో పొందిన భిన్నమైన గతిని కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఎన్‌ఫీల్డ్, విట్‌వర్త్, వింబుల్డన్, వలంటీర్ ఉద్యమం, ఆయుధ చట్టం, మిగులు ఆయుధాలు.

1. ఎన్‌ఫీల్డ్: యంత్రం తగ్గించిన ధర

బ్రిటిష్ సైన్యం 1853లో స్వీకరించిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం వ్యాసం .577 అంగుళాలు. గొట్టం లోపల మూడు మెలి గాళ్లు ఉంటాయి. అవి 78 అంగుళాల పొడవుకు ఒక చుట్టు తిరిగే వాలుతో సాగుతాయి. ఈ గాళ్ల వల్ల గుండు తన చుట్టూ తాను తిరుగుతూ వెళ్లి, గాలిలో దారి తప్పకుండా నిలుస్తుంది. గాళ్లు లేని పాత మస్కెట్‌తో పోల్చితే ఇది పెద్ద ముందడుగు.

అయితే ఈ తుపాకీ చరిత్రలో గొట్టం కంటే కర్మాగారానికే ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది. 1850లలో ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ కర్మాగారంలో అమెరికా నుంచి, ముఖ్యంగా వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన రాబిన్స్ అండ్ లారెన్స్ సంస్థ నుంచి తెప్పించిన యంత్రాలను నెలకొల్పారు. అంతకుముందు ఒక్కొక్క భాగాన్ని పనివాడు ఆకురాయితో అరగదీసి మరొక భాగానికి అమర్చేవాడు. కొత్త పద్ధతిలో ఒక తుపాకీ భాగం మరో తుపాకీకి యథాతథంగా సరిపోయింది. మరమ్మతు సులువైంది. వేల సంఖ్యలో ఒకే రకమైన ఆయుధాన్ని తయారుచేయడం సాధ్యమైంది.

2. విట్‌వర్త్: కచ్చితత్వపు ఖరీదు

మాంచెస్టర్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ సూక్ష్మమైన కొలతలకు ప్రసిద్ధుడు. రైఫిల్ గొట్టాన్ని శాస్త్రీయంగా పరిశోధించే పనిని ప్రభుత్వం 1854లో ఆయనకు అప్పగించింది. ఆయన రూపొందించిన గొట్టం వ్యాసం .451 అంగుళాలు, లోపలి ఆకారం షట్కోణం, మెలి 20 అంగుళాలకు ఒక చుట్టు. సన్నని, పొడవైన గుండుకు వేగంగా తిరిగే మెలి కావాలన్నది ఆయన పరిశోధన సారం. సుదూర లక్ష్యసాధనకు ఆ సూత్రం ఈనాటికీ పునాదిగానే ఉన్నది.

1857లో హైత్‌లో జరిగిన పరీక్షల్లో రెండు తుపాకుల మధ్య అంతరం స్పష్టమైంది. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ గుళ్ల సగటు విచలనం 2.24 అడుగులు కాగా, విట్‌వర్త్‌ది 0.37 అడుగులు మాత్రమే. అయినా సైన్యం దానిని స్వీకరించలేదు. సన్నని గొట్టంలో తుపాకీమందు మసి త్వరగా పేరుకొనడం ఒక కారణం. ఎన్‌ఫీల్డ్ కంటే సుమారు నాలుగు రెట్లు ఖరీదు కావడం మరొక కారణం. యుద్ధానికి ఆ కచ్చితత్వం అవసరానికి మించినది. పోటీదారుడికి మాత్రం అదే సర్వస్వం. సైనికుడి తుపాకీ, పోటీదారుడి తుపాకీ అన్న విభజన ఇక్కడే బలపడింది.

3. వింబుల్డన్: నిబంధన తగ్గించిన ఖరీదు

ఫ్రాన్స్ దాడి చేస్తుందన్న భయంతో 1859లో బ్రిటన్‌లో వలంటీర్ ఉద్యమం మొదలైంది. సభ్యులు తమ ఆయుధాలను తామే సమకూర్చుకోవాలన్నది తొలి షరతు. అది ఉద్యమాన్ని ఆదాయం గల వర్గాలకు పరిమితం చేసే షరతు. ఆ ఏడాదిలోనే ప్రభుత్వం తన వైఖరి మార్చుకొంది. మొదట సభ్యులలో నాలుగోవంతు మందికి, క్రమంగా అందరికీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను సరఫరా చేయడానికి అంగీకరించింది.

అదే ఏడాది నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. 1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. ఆమె కాల్చినది ఆధారంపై బిగించిన విట్‌వర్త్ రైఫిల్. 400 గజాల దూరంలోని లక్ష్యం నడిబొడ్డుకు దాదాపు అంగుళం పావు దూరంలో గుండు తగిలింది. ఆ వేడుక ఖరీదైన తుపాకీ ఘనతను చాటింది.

పోటీ నిబంధన మరో దారి పట్టింది. రాణి పేరిట నెలకొల్పిన బహుమతి పోటీలో తొలి దశను ప్రభుత్వ నమూనా రైఫిల్‌తోనే కాల్చాలి. అందులో నెగ్గినవారు మాత్రమే 800 నుంచి 1000 గజాల వరకు సాగే మలిదశలో విట్‌వర్త్‌ను చేపట్టేవారు. అంటే ఖరీదైన తుపాకీ ప్రవేశార్హత కాలేదు. నైపుణ్యం చూపినవారికి దక్కే అవకాశమైంది. ధనవంతుడైన పోటీదారుడు డబ్బుతో కొనగల ఆధిక్యాన్ని తొలి దశలో ఈ నిబంధన అడ్డుకొంది.

4. అదే తుపాకీ, వేరే చేతులు

హైత్‌లో పరీక్షలు జరిగిన 1857లోనే ఎన్‌ఫీల్డ్ రైఫిల్ భారతదేశంలో మరో చరిత్రకు కారణమైంది. డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్ శిక్షణ కేంద్రాల ద్వారా సిపాయిలకు పరిచయమైన ఈ తుపాకీ తూటాకు పూసిన కొవ్వు గురించి చెలరేగిన అనుమానాలు తిరుగుబాటుకు తక్షణ కారణాల్లో ఒకటిగా ప్రసిద్ధం. అటుపై జరిగినది అంతగా చర్చకు రాలేదు. తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిల కోసం ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే, లోపల గాళ్లు లేని .656 అంగుళాల గొట్టంతో మస్కెట్లు తయారుచేయించారు. పైకి చూస్తే అదే తుపాకీ. దూరపు గురి మాత్రం అందులో లేదు.

ఈ రెండు నిర్ణయాలు దాదాపు ఒకే కాలానివి. లండన్ గుమాస్తాకు గాళ్లున్న రైఫిల్ ప్రభుత్వ ఖర్చుతో అందింది. యుద్ధమే వృత్తిగా గల సిపాయికి ఆ గాళ్లే నిరాకరింపబడ్డాయి. 1878 ఆయుధ చట్టం ఈ తేడాను పౌరజీవితానికి విస్తరింపజేసింది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి కాగా, నియమాల ద్వారా యూరోపియన్లకు మినహాయింపు లభించింది. వలస రాజ్యంలో గురికి అడ్డుగా నిలిచినది ప్రధానంగా ధర కాదు, అపనమ్మకం. నమ్మకం లేనిచోట చవకైన తుపాకీ కూడా అందనిదే.

5. మిగులు ఆయుధాలు: లోపమే లాభమైన వైనం

ఇరవయ్యో శతాబ్దంలో సామాన్య పోటీదారుడికి ఆధారమైనవి సైన్యం వదిలిన మిగులు రైఫిళ్లు. అమెరికాలో 1905 నాటి చట్టం మిగులు సైనిక ఆయుధాలను రైఫిల్ క్లబ్బులకు అమ్మడానికి అనుమతించింది. బ్రిటన్‌లో వింబుల్డన్ నుంచి 1890లో బిస్లీకి మారిన పోటీల్లో .303 లీ-ఎన్‌ఫీల్డ్ దశాబ్దాలపాటు నిలిచింది.

లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్‌ను పట్టి ఉంచే గడియలు వెనుక భాగంలో ఉంటాయి. మౌజర్ తరహా రైఫిళ్లలో అవి ముందుభాగంలో ఉండి మరింత దృఢంగా పట్టుకొంటాయి. అందువల్ల లీ-ఎన్‌ఫీల్డ్ పేలుడు ఒత్తిడికి కొంత సాగి, దాని గొట్టం నిలువునా కంపిస్తుంది. నిర్మాణ దృష్టితో చూస్తే ఇది లోపం. కానీ తక్కువ వేగంతో బయలుదేరే గుండు క్షణకాలం ఆలస్యంగా, గొట్టం మూతి కాస్త పైకి లేచినప్పుడు వెలువడుతుంది. వేగం తగ్గినందువల్ల దూరాన కలిగే పతనాన్ని ఆ ఎత్తు కొంతవరకు పూరిస్తుంది. 900, 1000 గజాల దూరాల్లో ఈ చవకైన సైనిక రైఫిల్ తన స్థాయికి మించి రాణించడానికి ఇదొక కారణం. సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకు మారిన తర్వాత, 1960ల చివర పోటీలు కూడా దానినే అనుసరించాయి. అప్పుడు సైతం పాత నాలుగో నంబరు లీ-ఎన్‌ఫీల్డ్‌లకు కొత్త, బరువైన గొట్టాలు బిగించి వాడుకొన్నారు.

స్వతంత్ర భారతంలో 1951లో జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. కానీ .303 సైనిక తూటా కావడంతో పౌరులకు నిషిద్ధంగానే ఉన్నది. దానికి బదులుగా .315 రైఫిల్‌ను ప్రభుత్వ కర్మాగారాలు తయారుచేశాయి. లీ-ఎన్‌ఫీల్డ్ యంత్రభాగం అందులో మిగిలింది; సైన్యపు తూటా, దానివెంట వచ్చే మిగులు సరఫరా మిగలలేదు.

6. ఉపసంహారం

పై పరిశీలనలో తేలే విషయాలు మూడు. మొదటిది, ఎన్‌ఫీల్డ్ చవకగా లభించడానికి కారణం యంత్రోత్పత్తి, ప్రభుత్వ సరఫరా. రెండవది, విట్‌వర్త్ ఆధిక్యం నిజమే అయినా వింబుల్డన్ నిబంధన దానిని కొందరి సొత్తు కానివ్వలేదు. మూడవది, ఈ ఏర్పాటంతా పౌరుడిపై రాజ్యానికున్న నమ్మకం మీద ఆధారపడింది. ఆ నమ్మకం లేని వలస దేశంలో గాళ్లే చెరిగిపోయాయి. కాబట్టి ఆయుధ చరిత్రలో ధరల పట్టికతో పాటు పోటీ నియమావళిని, లైసెన్సు చట్టాన్ని కూడా చదవవలసి ఉంటుంది. ఎవరి గురి ఎంత దూరం సాగిందో నిర్ణయించినవి అవే.