దావాపత్రము, చెక్కుబందీ : టెక్కలి–ఉద్దాన సీమల వ్యవహారలేఖనము

తెలుగు గద్యచరిత్రను వ్రాయువారు శాసనముల నుండి కైఫీయతులకును, వాని నుండి చిన్నయసూరికిని వచ్చుట పరిపాటి. న్యాయస్థానములలో దాఖలైన అర్జీలు, దావాలు, దస్తావేజులు ఆ త్రోవలో తగులవు. అవి సాహిత్యము కావనుట నిజమే. కాని తెలుగువాడు తన నేలను గూర్చియు, అప్పును గూర్చియు, వారసత్వమును గూర్చియు ఖండితముగా చెప్పవలసి వచ్చినపుడు వ్రాసిన, లేక వ్రాయించిన, గద్యము అదియే. దానికి రూపమిచ్చినది కవి కాదు, నిబంధన. ఆ నిబంధన పలాస, టెక్కలి, ఉద్దాన ప్రాంతముల రైతునకు ఎచట అండయైనదో, ఎచట అడ్డమైనదో ఇందు పరిశీలింతుము.

పత్రమున హద్దులు చెప్పుట ఈ సీమకు క్రొత్త కాదు. కళింగనగరము నుండి వెలువడిన గాంగరాజుల తామ్రశాసనములు టెక్కలిలోను లభించినవి. గాంగుల దానశాసనములలో భూమి ఎల్లలను చెప్పు భాగము తరచుగా కానవచ్చును. చెట్లు, పుట్టలు, గట్లు, రాళ్లు అందు సాక్షులు. తరువాతి కాలమున ఇదే పనికి ‘చెక్కుబందీ’ యను మాట వచ్చినది. మాట పరదేశపుది, పని పాతది. తెలుగు దస్తావేజునకు ఒక స్థిరమైన నడక ఏర్పడినది: మొదట సంవత్సర మాస తిథులు, పిదప పుచ్చుకొనువాని పేరు, ఊరు, తండ్రి పేరు, ఆ వెనుక వ్రాసి యిచ్చువాని వివరము, సొమ్ము, నాలుగు దిక్కుల హద్దులు, తుదకు చేవ్రాలు లేక నిశాని, సాక్షులు, దస్తూరి. కవులు మంగళాచరణమును మానినను దస్తావేజు వ్రాయువారు ఈ క్రమమును మానలేదు.

1765లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించినవి. 1802 నాటి రెగ్యులేషన్లతో జిల్లా న్యాయస్థానములును, జమీందారీ శాశ్వత పరిష్కారమును ఏర్పడినవి. టెక్కలి, మందస, తర్లా మున్నగు జమీందారీలు గంజాము జిల్లాలోనివి. కచేరీ తెలుగు పారసీక, అరబ్బీ, హిందూస్తానీ మాటలతో ఎంత నిండియుండెనో తెలిసికొనుటకు సి. పి. బ్రౌను 1852లో ప్రకటించిన జిల్లా నిఘంటువు చాలును. ఆ యధికారి వ్యవహారపు మాటలకే ప్రత్యేకముగా నొక నిఘంటువు కూర్పవలసి వచ్చెననిన, వాదియైన సామాన్యుని పాట్లు ఊహింపవచ్చును.

ఈ చరిత్రలో మాకు ముఖ్యముగా తోచునది 1865 నాటి మద్రాసు శిస్తు వసూలు చట్టము. భూస్వామి రైతునకు పట్టా ఇయ్యవలెను. రైతు అతనికి ముచ్చలికా వ్రాసి యియ్యవలెను. పట్టాలో భూమి యెచటిదో, ఎంతయో, శిస్తు ఎంతయో, అది ధనరూపమో ధాన్యరూపమో తెలుపవలెను. ఈ మార్పిడి జరుగనిదే, లేక రైతు అంగీకరింపదగిన పట్టాను భూస్వామి ఇయ్యజూపినట్లు రుజువు కానిదే, శిస్తుకై వ్యాజ్యము నిలువదు. ‘అంగీకరింపదగిన పట్టా’ యనుటలోనే కీలకమున్నది. అక్రమమైన షరతు నొకదానిని చొప్పించినచో పట్టాయే చెల్లదని రైతు వాదింపవచ్చును. పత్రరూపము పేదవానికి బెడదయే గాని రక్షణ కాదని తలచుట మనలో వాడుక. ఇచట అది తలక్రిందైనది: రూపము సరిగా నుంచవలసిన భారము బలవంతునిపై పడినది.

1908లో ఎస్టేట్స్ లాండు చట్టమును, నేటికిని అమలులోనున్న సివిల్ ప్రొసీజరు కోడును ఒకే యేట వచ్చినవి. కోడు ప్రకారము వాదపత్రమున విషయము సంక్షిప్తముగా నుండవలెను. పేరాలకు వరుస సంఖ్యలుండవలెను. ఆస్తి స్థిరాస్తియైనచో దానిని గుర్తించుటకు చాలిన వర్ణన కావలెను. హద్దులచేత గాని సర్వే సంఖ్యలచేత గాని గుర్తింప వీలున్నచో వానిని తెలుపవలెను. తేదీలు, మొత్తములు, సంఖ్యలు అంకెలలో నుండవలెనని మొదటి నియమము. అంకెలతోపాటు అక్షరములలోను వ్రాయవలెనని 1976 సవరణ చేర్చినది. మన దస్తావేజు లేఖకుడు ‘అక్షరాల నూరు రూపాయలు’ అని ఏనాడో వ్రాయుచుండెను!

కాగితము విషయమునను నియమములు తక్కువవి కావు. మద్రాసు సివిల్ వ్యవహార నియమములు దళసరి తెల్ల ఫుల్‌స్కేపు కాగితమును, వెలుపలి అంచున సుమారు రెండంగుళములు, లోపలి అంచున ఒక అంగుళము విడుపును, పుటలను పుస్తకమువలె కుట్టుటను కోరినవి. సుప్రీంకోర్టు 2020లో ఎ4 కాగితమునకు మారినది. కుట్టుటకు చోటు, అధికారి వ్రాతకు చోటు – ఈ విడుపులకు ఇంతకన్న గూఢార్థము లేదు.

వీనికన్న పరిశోధకునకు ఆసక్తికరమైనది ధ్రువీకరణము. వాది ఏ పేరాలోని సంగతి తాను స్వయముగా నెరుగునో, ఏ పేరాలోనిది ఇతరుల వలన విని నమ్మినదో వేరుపరచి, సంతకము చేసిన తేదీని, స్థలమును వ్రాయవలెను. మన చరిత్రగ్రంథములలో ఈపాటి విభజన పాటించునవి ఎన్ని?

ఇక ఉద్దానమునకు వత్తము. ఇది ఇసుకనేలల, కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. సర్వే సంఖ్య లేని చోట హద్దే ఆధారము. ఇచట చెట్టు హద్దైనచో ఆ యాధారము గాలివానకు లోబడియుండును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. చెట్టు హద్దుగా వ్రాసిన పత్రమునకు అట్టి దినమున సాక్షి లేకపోవును. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము పిమ్మట సర్వే సంఖ్యలు, రైతువారీ పట్టాలు వచ్చినను చెక్కుబందీ పోలేదు. హద్దులకును విస్తీర్ణమునకును విరోధము కలిగినపుడు సాధారణముగా హద్దులకే ప్రాబల్యమిచ్చుట న్యాయస్థానముల సంప్రదాయము.

హద్దులలో నిముడని హక్కులును కలవు. మందస జమీందారీలో అడవి కట్టెల తగవు అట్టిది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగెను. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురమున జరిగిన కాల్పులలో గున్నమ్మ మరణించెను. వాదపత్రము వ్యాజ్యకారణము ఏనాడు పుట్టినదని ప్రశ్నించును. తాతల నాటి నుండి కట్టెలు తెచ్చుకొనువాడు ఏ తేదీ వ్రాయగలడు? న్యాయస్థానమునకు ఆచారమును రుజువుపరచు మార్గము లేకపోలేదు; కాని అది సాక్షులను, ఖర్చును, కాలమును కోరునట్టిది.

భాషాసమస్య మరియొకటి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి గంజాము విడిపోవువరకు ఈ సీమ తెలుగు, ఒడియా లుభయము నడచిన జిల్లాలోనిది. రిజిస్ట్రారునకు తెలియని భాషలో, జిల్లాలో సామాన్యముగా వాడుకలో లేని భాషలో పత్రమున్నచో యథార్థానువాదము జతపరుపవలెనని 1908 రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. లిపి మారినపుడు ఊరిపేర్లును, ఇంటిపేర్లును మారు రూపములు దాల్చుట సహజము. స్థలనామ పరిశోధకులు దీనిని గమనింపదగును.

ఈ సామగ్రి ఎచట నున్నది? కాలము చెల్లిన రికార్డులను తొలగించుటకు 1917 చట్టము వీలు కల్పించినది గనుక కచేరీలను మాత్రమే నమ్మరాదు. సాక్ష్యముగా గైకొన్న ప్రతి పత్రము వెనుకను వ్యాజ్యపు సంఖ్య, శీర్షిక, దాఖలు చేసినవాని పేరు, తేదీ వ్రాసి న్యాయాధిపతి సంతకము చేయును. వ్యాజ్యము ముగిసిన పిదప, అప్పీలు గడువు తీరినచో, దానిని దాఖలు చేసినవాడు తిరిగి పొందవచ్చును. కావున పాత క్రయపత్రములు, ముచ్చలికాలు నేడు రైతుల ఇండ్ల పెట్టెలలోనే యుండుటకు అవకాశమెక్కువ. అట్టిది చేజిక్కినపుడు ముందు వెనుకవైపు చూడవలెను: ఆ నాలుగు పంక్తుల వలన పత్రము ఏ తగవున, ఎవరిచే, ఏనాడు వెలికి వచ్చినదో తెలియును.