సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం

కరీబియన్ సముద్రంలో, బ్రిటన్ ఏలుబడిలోని మాంట్‌సెరాట్ దీవి దక్షిణ భాగంలో ఉన్న అగ్నిపర్వతం. శతాబ్దాలు నిద్రాణంగా ఉండి, 1995 జూలై 18న రాజుకుంది. దీని లావా పలచగా పారదు. చిక్కగా ఉండి బిలం దగ్గరే గుమ్మటంలా పేరుకుంటుంది. ఆ గుమ్మటం కూలితే సెగలు కక్కే వాయువులు, బూడిద, రాళ్లు కలగలిసి వాలు వెంట దూసుకొస్తాయి. పరుగెత్తి తప్పించుకోవడం మనిషి వల్ల కాదు. 1997 జూన్ 25న అలాంటి ప్రవాహం 19 మందిని బలిగొంది. ప్రమాద ప్రాంతమని తెలిసినా పంటలు వదులుకోలేక వెళ్లినవారూ వారిలో ఉన్నారు. ఆగస్టు నాటికి రాజధాని ప్లిమత్ పూడిపోయింది. చాలా ఇళ్లకు పై అంతస్తులే పైకి కనిపిస్తాయి. విమానాశ్రయమూ పోయింది, కొత్తది 2005లో గానీ రాలేదు. జనాభాలో సుమారు మూడింట రెండొంతుల మంది బ్రిటన్‌కు, పొరుగు దీవులకు వలసపోయారు. అసలు నష్టం ఇదే. మిగిలినవారు ఉత్తరాన స్థిరపడ్డారు. ప్రభుత్వ కార్యాలయాలు అక్కడి బ్రేడ్స్‌కు మారాయి. ఊళ్లను ముంచిన బూడిద, ఇసుకనే ఇప్పుడు తవ్వి నిర్మాణాలకు ఎగుమతి చేస్తున్నారు. గుమ్మటం చివరిసారి భారీగా కూలింది 2010 ఫిబ్రవరిలో. కాగితాల మీద రాజధాని నేటికీ ప్లిమతే.