వాలు నేలపై గోడ: భవన నమూనా సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

భవన రూపకల్పన సాఫ్ట్‌వేర్లలో ‘గోడ’ అనే భావన సమతలమైన నేలను ఆధారంగా చేసుకొని ఏర్పడింది. వాలు నేలను అనుసరించే గోడ ఆ భావనకు మినహాయింపుగా మిగిలింది. ఈ మినహాయింపును సాఫ్ట్‌వేర్లు ఏయే మార్గాల్లో పరిష్కరించాయో, ఆ పరిష్కారాల పరిమితులేమిటో చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గోడ, వాలు నేల, మట్టం, ఘన నమూనా, రెవిట్, ఆర్కికాడ్.

1. ఉపోద్ఘాతం:

న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం రూపకల్పనను ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1943లో చేపట్టాడు. అది 1959లో ప్రారంభమైంది. అందులో నేల సర్పిలాకారంలో ఏటవాలుగా సాగుతుంది, గోడలు బయటికి వాలి ఉంటాయి. అటువంటి చోట చిత్రాలను ప్రదర్శించడం తగదని 1956లోనే 21 మంది కళాకారులు నిరసన లేఖపై సంతకాలు చేశారు. చిత్రాన్ని క్షితిజరేఖకు సమాంతరంగా వేలాడదీస్తే నేలతో పొసగదు, నేలకు సమాంతరంగా వేలాడదీస్తే చూపుతో పొసగదు. గోడ దేనిని అనుసరించాలన్న ఈ ప్రశ్నే తరువాతి కాలంలో కంప్యూటర్ నమూనాకూ ఎదురైంది.

2. గీత నుంచి వస్తువుకు:

1963లో ఎం.ఐ.టి.కి సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో ఐవన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ను వివరించాడు. రెండు గీతలు సమాంతరంగా ఉండాలన్న నిబంధనను యంత్రమే నిలబెట్టగలదని అది నిరూపించింది. అయితే అందులో ఉన్నవి గీతలే. భవనాన్ని వస్తువుల సముదాయంగా వర్ణించే పద్ధతిని 1970వ దశకం మధ్యలో చార్లెస్ ఈస్ట్‌మన్ ప్రతిపాదించాడు. ఒకచోట చేసిన మార్పు అన్ని చిత్రపటాల్లోనూ ప్రతిఫలించాలన్నది ఆయన ఆశయం. అదే దశకంలో కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ బ్రెయిడ్ ఘనరూపాలను కలపడం, ఒకదాని నుంచి మరొకదాన్ని తీసివేయడం వంటి క్రియలపై పరిశోధన చేశాడు.

ఈ భావనలు వాణిజ్య సాఫ్ట్‌వేర్లలోకి వచ్చేసరికి గోడ నిర్వచనం సరళమైంది: నేలపై ఒక గీత, దానికి మందం, ఒక మట్టం నుంచి మరో మట్టం దాకా ఎత్తు. అంతస్తులు సమతలంగా ఉండే సాధారణ భవనానికి ఈ నిర్వచనం చాలు. నేల వాలినప్పుడే చిక్కు వస్తుంది. మట్టం ఒక సమతలం, నేల మరొక తలం. గోడ మొదటిదానికి కట్టుబడి ఉంటే అడుగున ఖాళీ మిగులుతుంది, లేదా గోడ నేలలోకి చొచ్చుకుపోతుంది.

3. రెండు పరిష్కారాలు:

మొదటిది కోత. గాబోర్ బోయార్ 1982లో బుడాపెస్ట్‌లో స్థాపించిన గ్రాఫిసాఫ్ట్ సంస్థ రూపొందించిన ఆర్కికాడ్‌లో ఈ మార్గం కనిపిస్తుంది. గోడను అవసరాన్ని మించి కిందికి దించి, వాలు నేలనూ దాని కింది భాగాన్నీ గోడ నుంచి తీసివేస్తారు. గోడ పూర్తిరూపం నమూనాలో అలాగే ఉంటుంది, కనిపించేది కోత తరువాతి రూపం.

రెండవది అనుబంధం. 1997లో లియొనిడ్ రైజ్, ఇర్విన్ జంగ్‌రైస్ ప్రారంభించిన సంస్థ నుంచి 2000లో వెలువడిన రెవిట్‌ను 2002లో ఆటోడెస్క్ కొనుగోలు చేసింది. యంత్రభాగాల రూపకల్పన రంగం నుంచి వచ్చిన ఈ ఇద్దరూ వస్తువుల మధ్య సంబంధాలకు ప్రాధాన్యమిచ్చారు. రెవిట్‌లో గోడ అడుగును గానీ పైఅంచును గానీ నేలకో, కప్పుకో జతచేయవచ్చు. నేల వాలు మారితే గోడ అంచు కూడా మారుతుంది. 2020లో విడుదలైన రెవిట్ 2021లో పక్కకు వాలడం గోడకు స్వీయలక్షణమైంది. నేలను అనుసరించడం మాత్రం సంబంధంగానే కొనసాగింది.

సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచార మార్పిడికి ఏర్పడిన ఐ.ఎఫ్.సి. ప్రమాణంలో ఈ భేదం దాదాపు చెరిగిపోతుంది. నిలువుగా సాగదీసిన ఘనం, దానిపై కోత అన్న రూపంలో గోడ నమోదవుతుంది. ఆకారం అవతలి సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది గాని, ‘ఈ నేలను అనుసరించు’ అన్న నియమం సాధారణంగా చేరదు.

4. పరిమాణ గణన:

దీని ప్రభావం లెక్కల్లో స్పష్టమవుతుంది. 6 మీటర్ల గోడ కింద నేల 12కు 1 వంతున పైకి లేస్తే, ఆ చివర 0.5 మీటరు ఎత్తు పెరుగుతుంది. పైకప్పు సమతలమైతే గోడ ఎత్తు 3 మీటర్ల నుంచి 2.5 మీటర్లకు తగ్గుతుంది. అప్పుడు వైశాల్యం 16.5 చదరపు మీటర్లు. కోత వేయని నమూనా 18 చూపుతుంది. రెండువైపులా పూతకు 3 చదరపు మీటర్ల తేడా వస్తుంది. అంతేకాదు, నేలలో మునిగిన భాగం గోడలోనూ నేలలోనూ రెండుసార్లు లెక్కకు వస్తుంది.

పైఅంచు కూడా నేలకు సమాంతరంగా వాలితే గోడ సమాంతర చతుర్భుజమవుతుంది, ఎత్తు అంతటా 3 మీటర్లే కనుక వైశాల్యం 18గానే ఉంటుంది. అంకె సరైనదే అయినా ఇటుక వరుసలు సమమట్టంగా సాగాలా, వాలు వెంట సాగాలా అన్నది ఆ అంకె చెప్పదు. సమమట్టంగా సాగితే కింది వరుసలో ప్రతి ఇటుకనూ వేరువేరుగా కోయవలసి వస్తుంది, లేదా అడుగును మెట్లుగా కట్టాలి. తాపీమేస్త్రీ రసమట్టం పెట్టి తీర్చుకునే ఈ నిర్ణయానికి నమూనాలో ఆకారం ఒక్కటే చోటు ఇవ్వలేదు.

5. ముగింపు:

వాలు నేలపై గోడ అరుదైన సందర్భమే. అయినా ప్రతి సాఫ్ట్‌వేర్ ఏ భవనాన్ని సహజమైనదిగా భావించిందో అది బయటపెడుతుంది. సమతలాన్ని ఆధారంగా తీసుకున్న నిర్వచనంలో వాలు ఎప్పుడూ తరువాత చేర్చిన సవరణగానే ఉంటుంది. అందువల్ల వాస్తువిద్యా బోధనలో ఆజ్ఞల వరుసను నేర్పడంతో సరిపెట్టకూడదు. గోడ దేనికి కట్టుబడి ఉంది, నేల మారితే ఏది మారుతుంది, మార్పిడిలో ఏది పోతుంది అన్న మూడు ప్రశ్నలను విద్యార్థి ముందు ఉంచాలి. వీటికి సమాధానం తెలియని నమూనా తెరపై సరిగా కనిపించినా, నిర్మాణ స్థలంలో తప్పుడు కొలతనే అందిస్తుంది.