క్విజ్ పోటీలు - అభ్యాసంలో మోసం

పోటీలో మోసం చేసేవాడి ఉద్దేశం అర్థం చేసుకోవటం కష్టం కాదు. అక్కడ బహుమతి ఉన్నది, పేరు ఉన్నది, ఒక్కొక్కప్పుడు డబ్బు కూడా ఉన్నది. కాని బహుమతీ లేక, ప్రేక్షకులూ లేక, నలుగురు స్నేహితులు ఒక గదిలో కూర్చుని పాత ప్రశ్నలు చదువుకునే చోట కూడా మోసం జరుగుతుందంటే అది ఆలోచించవలసిన విషయం.

అమెరికా కళాశాలల్లో క్విజ్ జట్లు అభ్యాసం చేసే పద్ధతి ఇది. ఒకరు ప్రశ్న చదువుతారు. ప్రశ్న కఠినమైన ఆధారాలతో మొదలై క్రమంగా సులువవుతుంది. తెలిసినవాడు మధ్యలోనే మీట నొక్కి జవాబు చెబుతాడు. ఆ ప్రశ్నల కట్టను ఎవరైనా ముందే చదివి ఉంటే ఆ సంగతి చెప్పి తప్పుకోవాలన్నది అక్కడి మర్యాద. మోసగాడు ఆ సంగతి చెప్పడు. మొదటి వాక్యానికే మీట నొక్కుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఆ సాయంత్రం అతను నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు. అతనికి తెలియనిదేదో అతని స్నేహితులకు తెలియదు గనక వాళ్ళు నేర్పగలిగినది కూడా లేదు.

ఈ పనికి కారణం ఏమిటంటే రెండు జవాబులు వెంటనే వస్తాయి. నీతివాదులు "బుద్ధి మంచిది కాదు" అంటారు. మనలో కొందరు "పెట్టుబడిదారీ వ్యవస్థలో ఇంకేం జరుగుతుంది?" అంటారు. మొదటి జవాబు దేన్నీ వివరించదు. రెండో జవాబు అన్నిటినీ ఒకేసారి వివరించేసి, ఏ ఒక్క సంగతినీ పరిశీలించే శ్రమ లేకుండా చేస్తుంది. అందుచేత చరిత్రలో అభ్యాసం అనే పేరుతోనే మోసం జరిగిన ఒక ఘట్టాన్ని చూద్దాం.

1955 జూన్‌లో అమెరికన్ టెలివిజన్‌లో 64,000 డాలర్ల ప్రశ్న అనే కార్యక్రమం ప్రారంభమైంది. దాని ఖర్చు భరించింది రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ. కార్యక్రమంతోపాటు ఆ కంపెనీ అమ్మకాలూ పెరిగాయి. ఒక చెప్పులు కుట్టేవాడికి సంగీత నాటకాల గురించీ, ఒక పోలీసుకు షేక్స్పియర్ గురించీ తెలిసి ఉండటం జనానికి వింతగానూ, ఉత్సాహంగానూ ఉండేది. విజ్ఞానం పెదవి రంగులు అమ్మిపెట్టగలదని వ్యాపారులు తెలుసుకున్నారు.

మరుసటి ఏడు, 1956 సెప్టెంబరు 12న, ఎన్.బి.సి.లో "ట్వంటీ వన్" అనే మరో కార్యక్రమం మొదలైంది. దీనికి ప్రకటనదారు జెరిటాల్ అనే టానిక్కు తయారుచేసే కంపెనీ. మొదటి రోజు పోటీ నిజాయితీగానే జరిగింది. పోటీదార్లకు చాలా ప్రశ్నలకు జవాబులు తెలియలేదు. అంత కఠినమైన ప్రశ్నలకు తెలియకపోవటంలో వింత లేదు. కాని టానిక్కు కంపెనీ మండిపడింది. ఇటువంటి ప్రదర్శన మళ్ళీ జరగరాదన్నది. కార్యక్రమ నిర్మాత డాన్ ఎన్‌రైట్ ఆ కోపాన్ని అర్థం చేసుకున్నాడు. పోటీదార్లకు ముందుగా "తర్ఫీదు" ఇవ్వటం అప్పటి నుంచే ప్రారంభమైంది.

ఈ తర్ఫీదు స్వరూపం గమనించదగినది. హెర్బర్ట్ స్టెంపెల్ న్యూయార్కు సిటీ కాలేజీ విద్యార్థి, మాజీ సైనికుడు. ఆ కాలేజీలో ఆ రోజుల్లో జీతం లేకుండా చదువు చెప్పేవారు. శ్రామికుల పిల్లలెందరో అక్కడ చదువుకున్నారు. స్టెంపెల్‌కు అద్భుతమైన జ్ఞాపకశక్తి ఉన్నది. నిజంగా చాలా సంగతులు తెలిసినవాడు. అటువంటివాడికి కూడా జవాబులు ముందే ఇచ్చారు. అంతటితో ఆగక సరిగా నప్పని సూటు వేయించారు, చవక గడియారం పెట్టించారు, ఎప్పుడు తడబడాలో, ఎప్పుడు నుదుటి చెమట అద్దుకోవాలో నేర్పారు. బీదవాడిగా ఉన్నవాడి చేత బీదవాడి వేషం కట్టించారు.

కొన్ని వారాలకు అతని మీద జనానికి మోజు తగ్గింది. అప్పుడు ఓడిపొమ్మన్నారు. 1956 డిసెంబరు 5న, 1955 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందిన సినిమా ఏది అని అతన్ని అడిగారు. జవాబు "మార్టీ". ఆ సినిమా అతను మూడుసార్లు చూశాడు. అతనికి ఎంతో ఇష్టం. అయినా ఆజ్ఞ ప్రకారం "ఆన్ ది వాటర్‌ఫ్రంట్" అని తప్పు జవాబు చెప్పాడు. అభ్యాసంలో తప్పు చేయటం నేర్చుకునేవాడి హక్కు. ఏది తెలియదో తప్పు మూలంగానే బయటపడుతుంది. ఆ తర్ఫీదులో తప్పు కూడా ముందే వల్లె వేయవలసిన పాఠమైంది.

అతన్ని గెలిచినవాడు చార్లెస్ వాన్ డోరెన్, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు అధ్యాపకుడు. తండ్రి మార్క్ వాన్ డోరెన్ పులిట్జర్ బహుమతి పొందిన కవి. పెదతండ్రి కార్ల్‌కు కూడా ఆ బహుమతి వచ్చింది. చదువు ఆ ఇంట ఆస్తి వలె ఉన్నది. అటువంటివాడు ఎందుకు లొంగాడు? అతను 1959లో ఇచ్చిన సాక్ష్యం ప్రకారం, నిజాయితీగానే పోటీ చేస్తానని మొదట అడిగాడు. ఇదంతా వినోదం మాత్రమేననీ, సహాయం చేయటం మామూలేననీ, అతని గెలుపు వలన ఉపాధ్యాయులకూ, విద్యకూ గౌరవం పెరుగుతుందనీ కార్యక్రమం వారు నచ్చజెప్పారు. డబ్బుకన్నా ప్రమాదకరమైన ప్రలోభం ఇదే. విద్యకు సేవ చేస్తున్నామనే పేరుతో విద్యను అమ్మటం.

ఆ సాక్ష్యంలోనే మరొక చిన్న సంగతి ఉన్నది. ప్రశ్నలు ముందే ఇచ్చినా, తెలియని జవాబులను వీలైనంతవరకు తానే పుస్తకాల్లో వెతుక్కోవాలనీ, ఆ విషయం గురించి చేతనైనంత తెలుసుకోవాలనీ అతనికి పట్టుదలగా ఉండేదట. ఆ పట్టుదలను తానే తెలివితక్కువ అభిమానమన్నాడు. నాకు అది తెలివితక్కువతనంగా కనిపించదు. మోసం మధ్యలో కూడా ఒక అధ్యాపకుడు తాను చేస్తున్న పనిని చదువుగా మార్చుకోవాలని పెనుగులాడాడు. ఆ పెనుగులాట ఫలించకపోవటమే ఈ చరిత్రలోని విషాదం.

వాన్ డోరెన్ 1,29,000 డాలర్లు గెలిచి 1957 మార్చిలో ఓడిపోయాడు. స్టెంపెల్ తిరగబడి నిజం చెబితే అసూయ అన్నారు. 1958 ఆగస్టులో "డాటో" అనే మరో కార్యక్రమంలో ఒక పోటీదారు పుస్తకంలో జవాబులు దొరకటంతో పునాదులు కదిలాయి. జేమ్స్ స్నాడ్‌గ్రాస్ అనే పోటీదారు తనకు ముందే అందిన ప్రశ్నలూ జవాబులూ రాసి, తన పేరనే రిజిస్టరు చేసి పంపుకున్న ఉత్తరాలు తిరుగులేని రుజువయ్యాయి. న్యూయార్కు గ్రాండ్ జ్యూరీ ముందు పోటీదార్లలో చాలామంది అబద్ధం చెప్పారు. చివరకు 1959 నవంబరు 2న కాంగ్రెసు ఉపసంఘం ఎదుట వాన్ డోరెన్ నిజం ఒప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. తరువాత 2008 వరకు ఆ సంగతి గురించి అతను వివరంగా రాయలేదు. క్విజ్ పోటీలను ముందుగా కుదుర్చుకోవటం నేరమని 1960లో చట్టం చేశారు. పోటీదార్ల పరువు పోయింది. టానిక్కు కంపెనీ పరువుకు అంత నష్టం రాలేదు.

ఈ రభస నడుస్తుండగానే, 1959 జనవరిలో, కళాశాలల మధ్య జరిగే "కాలేజ్ బౌల్" పోటీ టెలివిజన్‌లోకి వచ్చింది. అది 1953లో రేడియోలో పుట్టింది. టెలివిజన్‌లో దాని ప్రకటనదారు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. అందులో మోసం జరిగిందని నేననటం లేదు. నలుగురేసి విద్యార్థుల జట్లు, మీట నొక్కటంలో వేగం, వెంటనే మార్కు - ఈ రూపం మాత్రం ఈనాటి అమెరికన్ విద్యార్థి క్విజ్‌లకు అక్కడి నుంచి సంక్రమించింది. జ్ఞానానికి కొలత వేగమైంది. ఆగి ఆలోచించేవాడు ఆ కొలతలో తెలియనివాడితో సమానం.

ఇక్కడ మన రెండో జవాబును పరీక్షించుకోవచ్చు. 1995లో చికాగోలోని స్టైన్‌మెట్జ్ అనే ప్రభుత్వ పాఠశాల జట్టు ఇల్లినాయి రాష్ట్ర అకడమిక్ డెకథ్లాన్ పోటీలో గెలిచింది. ఏటేటా గెలుస్తూ వచ్చింది ఏరికోరి విద్యార్థులను చేర్చుకునే విట్నీ యంగ్ అనే పాఠశాల. తరువాత తేలిందేమంటే, స్టైన్‌మెట్జ్ జట్టుకు ప్రశ్నపత్రం ముందే చిక్కింది. శిక్షణ ఇచ్చే ఉపాధ్యాయుడికీ ఆ సంగతి తెలుసు. మళ్ళీ పరీక్ష రాయమంటే వారు నిరాకరించారు. బహుమతి పోయింది. వసతులున్న బడితో వసతులు లేని బడి ఎలా పోటీపడుతుందని వారి పక్షాన వాదన వినిపించింది. ఆ వాదనలో నిజం ఉన్నది. అసమానత అబద్ధం కాదు. కాని దొంగిలించిన ప్రశ్నపత్రం ఆ బడికి ఒక్క పుస్తకం కూడా తెచ్చిపెట్టలేదు. అటువంటి బీద బడిలోనే ఉండి నిజంగా చదివిన పిల్లల మాటను కూడా ఎవరూ నమ్మకుండా చేసింది.

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ ఉన్నది. 2013 మార్చిలో అమెరికా జాతీయ క్విజ్ సంస్థ హార్వర్డు విశ్వవిద్యాలయం గెలిచిన నాలుగు బిరుదులను రద్దు చేసింది. ఆ జట్టులో ఒకతను ఆ సంస్థకే ప్రశ్నలు రాసేవాడు. రాబోయే ప్రశ్నల తొలి అక్షరాలు కనిపించే పుటలను అతను తెరిచినట్టు తేలింది. చూసినదాన్ని పోటీలో వాడుకున్నారని రుజువు కాలేదు; చూడరానిది చూడటమే బిరుదుల రద్దుకు చాలింది. హార్వర్డుకు పుస్తకాల కరువు లేదు. బీదతనమే కారణమైతే ఈ సంఘటన జరగరాదు. స్వభావమే కారణమైతే స్టెంపెల్, వాన్ డోరెన్ వంటి భిన్నమైన ఇద్దరు ఒకే గోతిలో పడరాదు.

వీటన్నిటిలో సమానంగా కనిపించేది ఒకటే. నేర్చుకునే చోటుకూ, ప్రదర్శించే చోటుకూ మధ్య ఉండవలసిన గోడ కూలిపోయింది. 1956లో ఆ గోడను కూల్చింది టానిక్కు కంపెనీ. "తెలియదు" అనే మాట అమ్ముడుపోదు గనక ఆ మాట ఎక్కడా వినిపించరాదన్నది. ఈనాటి ప్రాక్టీసు గదిలో ఆ పని చెయ్యటానికి కంపెనీ ఎదురుగా రానక్కరలేదు. జట్టులోకి నలుగురినే తీసుకుంటారు. ఎవరిని తీసుకోవాలో ప్రాక్టీసులోని మార్కులు నిర్ణయిస్తాయి. అంటే ప్రాక్టీసే మొదటి పోటీ అయింది. జట్టులో చోటు ఖాయమైనవాడికి కూడా "మనలో తెలివైనవాడు" అనే పేరు నిలుపుకోవటం రోజువారీ పరీక్షే. తన విలువ జవాబుల సంఖ్యేనని నమ్మినవాడికి తెలియకపోవటం దివాలాతో సమానం. దివాలా తీసిన వర్తకుడు దొంగలెక్కలు రాస్తాడు. ఇతనూ అదే చేస్తాడు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్మీడియట్ చదువు చెప్పే ప్రయివేటు కాలేజీలు చాలావాటిలో వారం వారం నమూనా పరీక్షలు పెడతారు. పేరుకు అవి అభ్యాసం. కాని ఆ మార్కులు గోడకెక్కుతాయి, ఇంటికి చేరతాయి, వాటిని బట్టి విద్యార్థులను మంచి సెక్షనుకో, మరో సెక్షనుకో మారుస్తారు. అటువంటి "అభ్యాసం"లో పక్కవాడి కాగితం చూసే పిల్లవాణ్ణి అవినీతిపరుడని తిట్టటం తేలిక. ఆ పరీక్షలో తప్పు రాస్తే అతనికి తప్పు సరిదిద్దారా, సెక్షను మార్చారా అని అడగటం కష్టం. ఎందుకంటే ఆ ప్రశ్న మన వైపుకే తిరుగుతుంది.

మోసాన్ని సమర్థించటం నా ఉద్దేశం కాదు. చేసినవాడు తనతోపాటు తన స్నేహితులను కూడా వంచిస్తాడు. కలిసి నేర్చుకోవటమనే పనిని లోపల నుంచి చెడగొడతాడు. దాన్ని మాన్పించాలంటే కాపలా ఒక్కటే చాలదు. ప్రాక్టీసు మార్కులను ఎంపికకు వాడటం మానాలి. ఆ లెక్క ఆ గది దాటరాదు. తప్పు జవాబు చెప్పినవాడితో ఆ విషయం గురించే ఎక్కువసేపు మాట్లాడాలి. ఇవి వ్యవస్థ మారేదాకా ఆగవలసిన పనులు కావు. రేపటి తరగతిలో చేయవచ్చు.

అన్నిటికన్నా ముందు, విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు తోచనప్పుడు ఉపాధ్యాయుడు "నాకు తెలియదు, చూసి చెబుతాను" అనగలగాలి. చెప్పినట్టే మర్నాడు చూసి వచ్చి చెప్పాలి. వాన్ డోరెన్ పుస్తకాలు వెతికి సంపాదించిన జవాబును చూసి, అది ముందే తెలిసినదిగా భ్రమపడి దేశం చప్పట్లు కొట్టింది. వెతుక్కున్న శ్రమను ఎవరూ చూడలేదు. మన తరగతిలో పిల్లలు చూడవలసింది ఆ శ్రమనే.