హ్యాంగయిపోయిన కృష్ణమ్మ

పాత కంప్యూటర్లతో కాపురం చేసినవాళ్ళకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. మ్యాపు పేజీ తెరుస్తాం. సగం బొమ్మ వస్తుంది, మిగతా సగం బూడిదరంగులో ఉండిపోతుంది. మౌసు గుర్తు ఇసుక గడియారంగా మారిపోతుంది. డబ్బాలో హార్డ్‌డిస్కు కరకరా నములుతున్నట్టు చప్పుడు చేస్తుంది. కాసేపటికి కిటికీ మొత్తం తెల్లబడి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని వస్తుంది. ఇక కంట్రోల్, ఆల్ట్, డిలీట్. అంతే సంగతులు.

ఇందులో చరిత్ర ఏముంది అంటారా? నాకైతే ఉంది. అది 2009 అక్టోబరు మొదటి వారంలో మొదలయింది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా ఇల్లు విజయవాడ సింగ్ నగర్లో. నాన్న ఎవరి దగ్గరో కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటరు ఒకటుండేది. పెంటియమ్ 3, 128 ఎంబీ ర్యామ్, దాని మీద ఎక్స్‌పీ. కర్నూలు మునిగిందని టీవీలో చూపిస్తున్నారు. శ్రీశైలంలో నీటిమట్టం 885 అడుగులు దాటి ఇంకా పైకి పోయింది. ఆ నీళ్ళన్నీ సాగర్ మీదుగా మన ప్రకాశం బ్యారేజీకే రావాలి కదా. అక్టోబరు 5న బ్యారేజీ దగ్గర ప్రవాహం దాదాపు 11 లక్షల క్యూసెక్కులకి చేరింది. అప్పటిదాకా దాని మీదుగా అంత నీరు ఎప్పుడూ పోలేదు.

అమ్మమ్మ వాళ్ళది అవనిగడ్డ వైపు, ఏటి ఒడ్డు పల్లె. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనని కళ్ళారా చూసిన మనిషి ఆవిడ. ఆ రోజు ఆ ఊరికి ఫోన్లు కలవట్లేదు. సాయంత్రం టీవీలో కింద ఒక లైను పరిగెత్తింది. ఫలానా చోట కరకట్టకి గండి పడింది అని. ఆ 'ఫలానా చోటు' మా ఇంట్లో ఎవరూ వినని ఊరు. అది ఎగువనా, దిగువనా? మన గట్టా, అవతలి గట్టా?

నాన్న కంప్యూటరు ఆన్ చేసి మ్యాపు తెరిచారు. విజయవాడ వచ్చింది. బ్యారేజీ కనబడింది. అక్కడి నుంచి మౌసు పట్టుకుని ఏటి వెంట కిందకి లాగడం మొదలుపెట్టారు. యనమలకుదురు, తోట్లవల్లూరు దాకా ఎలాగో వచ్చింది. ఆ తర్వాత బిగుసుకుపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశారు. మళ్ళీ అక్కడే. మూడోసారి ఇంకా ముందే ఆగిపోయింది. అది ఏ మ్యాపు, ఏ బ్రౌజరు అన్నది ఇప్పుడు అనవసరం. ఆ రోజుల్లో అన్నిటిదీ ఇంచుమించు అదే కథ.

చివరికి నాన్న క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు పెన్సిలుతో గీశారు. ఇదిగో బ్యారేజీ, ఇది కరకట్ట రోడ్డు, ఇక్కడ శ్రీకాకుళం గుడి, ఇది పులిగడ్డ, ఇక్కడ ఏరు చీలుతుంది... అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క ఊరు తప్ప.

తెల్లారాక మావయ్య ఫోన్ చేశాడు. రాత్రంతా గేదెలతో సహా కట్ట మీదే ఉన్నారట. గండి పడింది గుంటూరు వైపు గట్టుకట. అమ్మ "అమ్మయ్య" అంది. ఆ వెంటనే, "అక్కడా మనుషులే కదరా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది నాకు ఇప్పటికీ గుర్తే.

సరే, అసలు విషయానికొద్దాం. అది ఎందుకు బిగుసుకుపోయిందో నాకు ఇంజనీరింగు అయ్యి, ఉద్యోగంలో చేరి, ఇతరుల కోడులో మెమరీ లీకులు వెతకడం మొదలుపెట్టాక గానీ అర్థం కాలేదు.

జాలంలో మ్యాపులు 2005 కంటే ముందు నుంచే ఉన్నాయి. మ్యాప్‌క్వెస్ట్ 1996లోనే వచ్చింది. అందులో పక్కకి జరగాలంటే ఒక బాణం నొక్కాలి. ఎక్కడో ఉన్న సర్వరు కొత్త బొమ్మ గీసి పంపేది, పేజీ మొత్తం మళ్ళీ వచ్చేది. విసుగే, కానీ బరువంతా సర్వరుది. మన డబ్బా చేసేది ఒక బొమ్మ చూపించడమే.

2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చి కథ మార్చేసింది. సిడ్నీలో రాస్ముసెన్ అన్నదమ్ములు మరో ఇద్దరితో కలిసి నడిపిన వేర్ టు టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీ దానికి మూలం. వాళ్ళు చేసింది మొదట ఇన్‌స్టాల్ చేసుకునే సీ++ ప్రోగ్రామ్. 2004లో గూగుల్ ఆ కంపెనీని కొని, అదే పనిని బ్రౌజర్లో జావాస్క్రిప్టుతో చేయించింది. మౌసుతో పట్టుకుని లాగితే ప్రపంచం జరుగుతుంది! పేజీ మళ్ళీ లోడవ్వదు. అదే నెలలో ఈ పద్ధతికి 'అజాక్స్' అని పేరు కూడా పడింది.

దీని లోపలి కిటుకు పలకలు. ప్రపంచ పటాన్ని 256 × 256 పిక్సెళ్ళ పలకలుగా కోసి పెట్టారు. సున్నా జూమ్‌లో ఒక్కటే పలక. జూమ్ ఒక మెట్టు పెరిగితే ఒక్కో పలక నాలుగవుతుంది. 15వ మెట్టుకొచ్చేసరికి 107 కోట్లు. మన తెరకి కావలసినవి మాత్రమే తెచ్చుకుంటాం కాబట్టి నెట్ నెమ్మదిగా ఉన్నా పని జరిగిపోతుంది. నిజంగా గొప్ప ఆలోచన.

ఇక్కడే ఒక లెక్క ఉంది. ఒక పలక ఫైలుగా 15, 20 కేబీలే ఉండొచ్చు. కానీ తెర మీద చూపించాలంటే విప్పాలి. పిక్సెలుకి 4 బైట్లు చొప్పున 256 కేబీ. 1024 × 768 తెరకి దాదాపు 20 పలకలు, అంటే 5 ఎంబీ. ఇదేం పెద్దది కాదు. ఇప్పుడు మా నాన్న చేసినట్టు 15వ మెట్టులో విజయవాడ నుంచి అవనిగడ్డ దాకా లాగండి. మన అక్షాంశం దగ్గర ఆ మెట్టులో ఒక పలక దాదాపు 1.2 కిలోమీటర్లు. గాల్లో కొలిస్తే 60 కిలోమీటర్ల పైచిలుకు, అదీ ఆగ్నేయంగా ఏటవాలుగా. దారిలో తగిలేవి తక్కువలో తక్కువ 300 పలకలు. చూసేసిన వాటిని పారేయకపోతే 75 ఎంబీ. మా ర్యామ్ మొత్తం 128, అందులో ఎక్స్‌పీ తినగా మిగిలిందే మాకు. మిగతాది హార్డ్‌డిస్కు మీదకి మోయాల్సిందే. ఆ కరకర చప్పుడు అదన్నమాట.

'చూసేసినవి పారేయొచ్చుగా' అంటారా? అదీ సరిగ్గా జరిగేది కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో జావాస్క్రిప్టు చెత్త ఏరే పద్ధతి ఒకటి, పేజీలోని వస్తువులు లెక్కపెట్టే పద్ధతి ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే, నువ్వు వదులు అని ఇది, నువ్వు ముందు వదులు అని అది. ఎవరూ వదలరు. పేజీ మూసినా ఆ మెమరీ తిరిగి రాదు, బ్రౌజరే మూయాలి. మామూలు పేజీల్లో ఈ జబ్బు బయటపడేది కాదు. గంటలకొద్దీ తెరిచి ఉంచి లాగుతూ ఉండే మ్యాపులో బయటపడింది. ఫైర్‌ఫాక్స్‌లో ఇలాంటి ముడులు విప్పే ఏర్పాటు 2008లో 3.0తో గానీ రాలేదు. అదే ఏడాది వచ్చిన క్రోమ్, ట్యాబులని వేరువేరు ప్రాసెసులుగా నడపడం మొదలుపెట్టింది. అంటే ఒకటి చచ్చినా మిగతావి బతుకుతాయి. మంచిదే, కానీ ఇన్ని ప్రాసెసులకీ ర్యామ్ కావాలిగా. పాత డబ్బాకి అదీ బరువే.

తర్వాత ఇంకోసారి భుజం మారింది. 2013లో గూగుల్ మ్యాప్స్ వెబ్‌జీఎల్ మీదకి వెళ్ళింది. ఇప్పుడు బరువు గ్రాఫిక్స్ కార్డుది. పాత ఆన్‌బోర్డు గ్రాఫిక్స్, ఎవరూ అప్‌డేట్ చేయని డ్రైవర్లు ఉన్నచోట ఏకంగా బ్రౌజరే పడిపోయే ప్రమాదం వచ్చింది. అందుకే బ్రౌజర్లవాళ్ళు నమ్మకం లేని డ్రైవర్ల జాబితా పెట్టుకున్నారు. గూగుల్ కూడా పాత యంత్రాల కోసం 'లైట్ మోడ్' అని ఒకటి ఇవ్వాల్సొచ్చింది.

మన దగ్గర కథ చూస్తే ఇంకా బాధేస్తుంది. 2009 వరదకి రెండు నెలల ముందు, ఆగస్టు 12న, ఇస్రో 'భువన్' విడుదల చేసింది. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్నారెస్సీ వాళ్ళ పని. మన ఉపగ్రహాలు, మన డేటా. కానీ 3డి చూడాలంటే రిజిస్టరు చేసుకోవాలి, ప్లగ్-ఇన్ దించుకోవాలి, అది విండోస్ మీదే నడుస్తుంది. మంచి యంత్రం ఉన్నవాడికి మాత్రమే భువనం! అదే సంస్థ అక్టోబరులో, మబ్బుల్లోంచి కూడా చూడగలిగే రాడార్ ఉపగ్రహాల బొమ్మలతో ఏ ఊరు మునిగిందో పటాలు గీసి ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే మా అమ్మ అడిగిన ప్రశ్నలాంటి వాటికి జవాబు హైదరాబాదులో తయారవుతోంది. మా పెంటియమ్ దాకా రాలేదు, అంతే. ఎవరినో తిట్టడానికి చెప్పట్లేదు ఇది. ఆకాశం నుంచి ఊరిని చూడగలిగాం, చూసింది ఊరివాళ్ళకి చేర్చలేకపోయాం.

అసలు మ్యాపు బరువు ఎవరో ఒకరు మోయక తప్పదు. కొత్త సంగతేం కాదు. రెండువందల ఏళ్ళ కిందట విలియం ల్యాంబ్టన్ మద్రాసు నుంచి మొదలుపెట్టి దేశాన్ని త్రిభుజాలుగా కొలిచినప్పుడు, ఆయన పెద్ద థియోడొలైటు అరటన్ను బరువు. దాన్ని కొండలు, గోపురాలు ఎక్కించింది కూలీలు. 1819లో ఆయన అసిస్టెంటు జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలకి దిగితే, జ్వరాలొచ్చి బృందం బృందమంతా పడిపోయింది. కొంతమంది హైదరాబాదు తిరిగి చేరలేదు. ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కి వెళ్ళాల్సొచ్చింది. ఆయన పేరు శిఖరానికి పెట్టారు. మోసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. ఇంతా చేసి వాళ్ళు మోసింది దేనికోసం? ప్రతి చోటుకీ రెండు అంకెలు పట్టుకోవడం కోసం. అక్షాంశం, రేఖాంశం.

ఆ రెండు అంకెల విలువ నాకు 2024 సెప్టెంబరులో తెలిసింది. ఈసారి బుడమేరు. గండ్లు పడి సింగ్ నగర్ మీదకి వచ్చేసింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర కృష్ణ 11.4 లక్షల క్యూసెక్కులు దాటి 2009 రికార్డు కూడా చెరిపేసింది. నేను బెంగుళూరులో. అమ్మానాన్న మేడ మీద ఉన్నారు, కింది వాటాలో నీళ్ళు. నా ముందు 32 జీబీ ర్యామ్ ల్యాప్‌టాపు, అందులో మ్యాపు వెన్నలా జరుగుతోంది. మా డాబా మీది నీళ్ళ ట్యాంకు కూడా కనబడుతోంది. బుడమేరు మాత్రం సన్నని నీలం గీత, మా వీధి పొడిగా ఉంది. ఉపగ్రహం ఏ వేసవిలోనో తీసిన ఫోటో మరి.

పడవల్లో తిరుగుతున్న కుర్రాళ్ళ నంబరు ఒకటి దొరికింది. లొకేషన్ లింకు పంపమన్నారు. పంపితే వాళ్ళ ఫోన్లో తెరుచుకోలేదు. సిగ్నలు వస్తోంది, పోతోంది. గిరగిరా తిరుగుతోందట, అంతే. నాకు పెన్సిలు గీతల క్యాలెండరు కాగితం గుర్తొచ్చింది. మా డాబా మీద నొక్కి, 16.5తో మొదలయ్యేది ఒకటి, 80.6తో మొదలయ్యేది ఒకటి, ఆ రెండు అంకెలూ మామూలు ఎస్సెమ్మెస్‌లో కొట్టాను. కింద 'నీలం రంగు గేటు, ఎదురుగా వేపచెట్టు' అని రాశాను. ఎస్సెమ్మెస్ వెళ్ళింది. సాయంత్రానికి పడవ వచ్చింది. ఆ కుర్రాడు అంకెలు చూసి ఏ వీధి వైపో పోల్చుకున్నాడట, ఇంటిని మాత్రం వేపచెట్టుని చూసి పట్టుకున్నాడట. :)

నాన్న ఒడ్డుకొచ్చాక ఫోన్లో అన్నారు: "ఏరా, ఈసారి కూడా హ్యాంగయిందా?"

ఇప్పుడు నా టేబులు మీద ఒక పాత ఫోను ఉంటుంది. 2 జీబీ ర్యామ్, అద్దం మూల పగిలింది. మా టీము చేసే ప్రతి పేజీనీ రిలీజుకి ముందు అందులో తెరుస్తాను, నెట్ కావాలనే 2జీకి తగ్గించి. తెరుచుకోకపోతే వెనక్కి పంపిస్తాను. "ఇలాంటి ఫోన్లు మన యూజర్లలో రెండు శాతం కూడా ఉండరు" అని మీటింగులో అంటూనే ఉంటారు. ఉండరు, నిజమే. బ్రౌజరు పడిపోయినవాడు మన లెక్కల్లోకి ఎలా వస్తాడు? పేజీ తెరుచుకుంటేనే కదా మన ఎనలిటిక్స్ అతన్ని లెక్కపెట్టేది. 2009 అక్టోబరు 5 సాయంత్రం మా నాన్న ఎవరి లెక్కలోనూ లేరు.

మీ ఆఫీసులో అలాంటి పాత ఫోను ఒకటైనా ఉందా?