ఊపిరి లెక్క

ముప్పై ఏళ్లు సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంగా చేశాను. నెలాఖరొస్తే ఒకటే హడావిడి: ఐరన్ మాత్రలు ఎన్ని పంచాం, టీకాలు ఎన్ని వేశాం. ఒకసారి నా రిపోర్టులో ఇద్దరు పసిబిడ్డల చావులుంటే, "ఇవెందుకమ్మా, మీటింగులో మాటొస్తుంది" అని పైవాళ్లు కొట్టేయించారు. మాత్రలు అయిపోయాయా లేదా అన్నదే వాళ్లకు కావాలి.

మా కాళేశ్వరంలో నిలబడి చూస్తే నదికి అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అక్కడ 'సెర్చ్' సంస్థ పెట్టారు. 1988లో 58 ఊళ్లలో పిల్లల నిమోనియాకు ఊరివాళ్ల చేతే మందిప్పించారు. మరికొన్ని ఊళ్లను ఎప్పటి వైద్యానికే వదిలేశారు. చావులు మాత్రం రెండుచోట్లా లెక్కపెట్టారు.

మందిచ్చేవాళ్లలో మంత్రసానులూ ఉన్నారు. చదువు రాదు, నిమోనియాను పసిగట్టేందుకు బిడ్డ ఊపిర్లను అరవైదాకా తప్పకుండా లెక్కపెట్టలేరు. వాళ్లకోసం ఒక పరికరం చేశారు: నిమిషం ఇసుక గడియారం, పక్కన రెండు వరుసల పూసలు. రెండు నెలల్లోపు బిడ్డకు ఒక వరుస, పెద్దపిల్లలకు ఇంకోటి. బిడ్డ పది ఊపిర్లు తీస్తే ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్రపూస వచ్చిందా, సెప్ట్రాన్ మందు మొదలుపెట్టాల్సిందే. మన తల్లులు "డొక్కలెగరేస్తున్నాడమ్మా" అని ఏడుస్తూ వచ్చేనాటికి నా చేతిలో అలాంటిదేదీ లేదు.

ఐదేళ్లలోపు పిల్లల్లో నిమోనియా చావులు మందిచ్చిన ఊళ్లలో వెయ్యికి 8.1, మిగతా ఊళ్లలో 17.5 అని తేలింది. ఆ మిగతా ఊళ్ల తల్లుల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది. కానీ ఆ ఊళ్లే లేకపోతే, ఆ ఏడు చలి తక్కువ గనక పిల్లలు బతికారనేవాళ్లు.

తర్వాత పురిటిబిడ్డలకు ఇంటిదగ్గరే వైద్యం. 39 ఊళ్లలో చేసి, 47 ఊళ్లతో పోల్చారు. రాసుకున్న జననమరణాలు నిజమేనా అని ఆరునెలలకోసారి వేరే మనుషులు ఇల్లిల్లూ తిరిగి చూశారు. నెలలోపు బిడ్డల చావులు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్యపత్రికలో అచ్చయింది.

2011లో ఆ పద్ధతినే దేశమంతటా ఆశాలకు అప్పగించారు. పుట్టిన బిడ్డను 42 రోజుల్లో ఆరేడుసార్లు చూసొస్తే 250 రూపాయలు ఇస్తామన్నారు. మొదట్లో దానికో షరతు ఉండేది: 42వ రోజుదాకా తల్లీబిడ్డా క్షేమంగా ఉండాలి. బిడ్డ పోయిందని రాస్తే ఆ 250 కూడా పోయినట్టే. చూసేదీ రాసేదీ ఆ ఒక్క ఆశాయే.